పెద్దల్లో ఏడీహెచ్‌డీ మందులు: వాడేవారి అనుభవం

ధ్యాస ఒకచోట నిలవకపోవడం, చేయాలనుకున్న పని మొదలుపెట్టలేకపోవడం, మొదలుపెట్టింది ముగించలేకపోవడం, తొందరపాటు, కుదురులేమి ముఖ్య లక్షణాలుగా చిన్నతనంలోనే మొదలయ్యే నాడీ వికాస సమస్యను ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్) అంటారు. 20వ శతాబ్దంలో చాలాకాలం దీన్ని పిల్లల జబ్బుగానే చూశారు. పెద్దలు దీనికి మందు వాడటం 1970ల్లో పరిశోధనగా మొదలై 1990ల నుంచి విస్తరించింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) 2023 సర్వే ప్రకారం ఆ దేశంలో ఈ నిర్ధారణ ఉన్న వయోజనులు కోటీ 55 లక్షల మంది, అంటే వయోజనుల్లో 6 శాతం. వారిలో దాదాపు సగం మందికి 18 ఏళ్లు వచ్చాకే ఈ సంగతి తెలిసింది. మూడింట ఒక వంతు మంది అంతకుముందు ఏడాదిలో ఉత్తేజక మందు (స్టిమ్యులెంట్) వాడారు.

పిల్లవాడికి మందు ఇస్తే పనిచేసిందో లేదో చెప్పేది టీచరు, తల్లిదండ్రులు. పెద్దల విషయంలో బిళ్ల వేసుకునేదీ, ఫలితం చెప్పేదీ ఒకే మనిషి. ఆ మనిషి మనసు మీదే మందు పనిచేస్తోంది కాబట్టి ఈ సాక్ష్యం ఎంత విలువైనదో అంత చిక్కైనది కూడా. ఈ రంగంలోని వివాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

పిల్లల మందు పెద్దల దగ్గరికి

బెర్లిన్‌లో చదువుకున్న రొమేనియా రసాయన శాస్త్రవేత్త లజార్ ఎడెలియాను 1887లో ఆంఫెటమైన్‌ను తయారు చేశాడు. దాంతో ఏం చేయాలో అప్పట్లో ఎవరికీ తోచలేదు. 1929లో గోర్డన్ ఆలెస్ అనే అమెరికన్ దాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకుని పరీక్షించాడు. 1930ల్లో స్మిత్, క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ బెంజెడ్రిన్ పేరుతో ముందు ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా, తర్వాత బిళ్లగా అమ్మింది. 1937లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ఒక పిల్లల ఆసుపత్రిలో చార్లెస్ బ్రాడ్లీ 30 మందికి ఈ బిళ్లలు ఇచ్చాడు. మెదడు ఎక్స్‌రే కోసం వెన్ను ద్రవం తీశాక వచ్చే తలనొప్పి తగ్గుతుందేమోనని ఆయన ఆశ. తలనొప్పి మాట ఎలా ఉన్నా సగం మంది దాకా పిల్లలు చదువులో చప్పున కుదురుకున్నారు. వాటికి లెక్కల బిళ్లలని పేరు పెట్టింది ఆ పిల్లలే.

రెండో మందు కథలో పిల్లలు అసలు లేరు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీబా కంపెనీలో పనిచేసే లియాండ్రో పనిజాన్ 1944లో మిథైల్‌ఫెనిడేట్ చేశాడు. రక్తపోటు తక్కువగా ఉండే ఆయన భార్య మార్గరీట్ టెన్నిస్ ఆడే ముందు దాన్ని వేసుకుని చూసింది. ఆమె ముద్దుపేరు రీటా నుంచే రిటలిన్ వచ్చింది. 1950ల మధ్యలో మార్కెట్లోకి వచ్చినప్పుడు దాన్ని రాసింది కూడా పెద్దల నీరసానికి, దిగులుకు, పట్టపగలు నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీకి. అల్లరి పిల్లల మందుగా దానికి పేరు వచ్చింది ఆ తర్వాతే.

పెద్దయ్యాక ఈ సమస్య దానంతటదే పోతుందన్న నమ్మకాన్ని మొదట గట్టిగా కదిలించింది యూటా విశ్వవిద్యాలయంలో పాల్ వెండర్ బృందం. 1976లో వారు కొద్దిమంది పెద్దలకు మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి ఫలితాలు ప్రచురించారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం మూడో కూర్పు, పెద్దల్లో మిగిలిపోయిన లక్షణాలకు ఒక చిన్న గది కేటాయించింది. 1994లో ఎడ్వర్డ్ హాలోవెల్, జాన్ రేటీ రాసిన ‘డ్రివెన్ టు డిస్ట్రాక్షన్’ విరివిగా అమ్ముడుపోయింది. రాసినవాళ్లిద్దరూ ఈ సమస్య ఉన్న డాక్టర్లే కావడంతో చాలామంది పాఠకులు తమను అందులో చూసుకున్నారు. మరుసటి ఏడాది మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో థామస్ స్పెన్సర్, జోసెఫ్ బీడర్మన్ బృందం 23 మంది పెద్దల మీద చేసిన పరీక్షలో మిథైల్‌ఫెనిడేట్‌తో 78 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్లతో (ప్లసీబో) 4 శాతం మందికి మేలు కనిపించింది. అంత తేడా ఆ తర్వాతి పెద్ద పరీక్షల్లో సాధారణంగా కనబడదు. అయినా ఆ అంకె పెద్దల వైద్యానికి తలుపు తెరిచింది.

2002లో అటోమాక్సెటిన్, 2004లో దీర్ఘకాలం పనిచేసే ఆంఫెటమైన్ మందు ఆడరాల్, 2008లో మిథైల్‌ఫెనిడేట్‌తో చేసిన కాన్సర్టా, లిస్‌డెక్సాంఫెటమైన్ (వైవాన్స్) పెద్దలకు వాడేందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందాయి. 2013లో వచ్చిన డీఎస్ఎం అయిదో కూర్పు, 17 ఏళ్లు, ఆపైన వయసున్నవారికి ఆరు లక్షణాలకు బదులు అయిదు ఉంటే చాలంది. లక్షణాలు మొదలవ్వాల్సిన వయసును ఏడు నుంచి పన్నెండేళ్లకు పెంచింది. ఇదంతా మామూలు జీవితపు తడబాట్లకు జబ్బు ముద్ర వేయడమేనని విమర్శించినవారూ ఉన్నారు. సామాజిక శాస్త్రవేత్త పీటర్ కాన్రాడ్ ఈ విషయం మీద 1970ల నుంచే రాశాడు. 2000లో డెబొరా పాటర్‌తో కలిసి, చిలిపి పిల్లల జబ్బు పెద్దల జబ్బుగా ఎలా పరుచుకుందో వివరించాడు. విమర్శలో నిజం లేకపోలేదు. కానీ ఉద్యోగాలు పోగొట్టుకుని, పెళ్లిళ్లు చెడగొట్టుకుని నలభై ఏళ్లకు డాక్టరు దగ్గరికి వచ్చిన మనిషికి ఆ విమర్శతో ఒరిగేది తక్కువ.

మందులు, అవి పనిచేసే తీరు

ఉత్తేజక మందుల్లో రెండు కుటుంబాలున్నాయి. మెదడు కణాల మధ్య విడుదలైన డోపమైన్, నారెడ్రినలిన్ రసాయనాలను తిరిగి లోపలికి లాక్కునే దారులను మిథైల్‌ఫెనిడేట్ మూసేస్తుంది. ఆంఫెటమైన్ ఆ పని చేస్తూనే కణం లోపలి నిల్వలను కూడా బయటికి తోస్తుంది. మామూలు డోసులో నోటితో వేసుకున్న మిథైల్‌ఫెనిడేట్ డోపమైన్ దారుల్లో సగానికి పైగా మూసేస్తుందని నోరా వోల్కోవ్ బృందం మెదడు స్కానింగులతో చూపింది. అంత మూసినా మత్తెక్కదు, ఎందుకంటే బిళ్ల నుంచి మందు మెదడుకు నెమ్మదిగా చేరుతుంది. కిక్కు ఇచ్చేది ఆ వేగమే. అదే బిళ్లను నలిపి ముక్కుతో పీల్చేవారికి అది వేరే మందులా పనిచేయడానికి కారణం ఇదే. లిస్‌డెక్సాంఫెటమైన్‌లో ఆంఫెటమైన్‌కు లైసిన్ అనే అమైనో ఆమ్లం అతికించి ఉంటుంది. ఎర్ర రక్తకణాలు ఆ అతుకు విప్పితే గానీ మందు పనిలోకి దిగదు.

కాన్సర్టా బిళ్లకు గట్టి డొల్ల ఉంటుంది. కడుపులోని నీరు పీల్చుకుని, లోపలి మందును సన్నని రంధ్రం గుండా గంటల తరబడి నెడుతుంది. పని అయిపోయాక డొల్ల అరగకుండా అలాగే మలంలో బయటికి వస్తుంది. డాక్టరు ముందే చెప్పకపోతే మందు ఒంటికి పట్టలేదని కంగారుపడి పరుగెత్తుకొచ్చేవాళ్లున్నారు.

అటోమాక్సెటిన్ ఉత్తేజక మందు కాదు. నారెడ్రినలిన్ మీదే పనిచేస్తుంది, రోజంతా ఉంటుంది, అలవాటు పడే ప్రమాదం లేదు. కానీ ఫలితం కనపడటానికి వారాలు పడుతుంది. ఈలోగా వికారం, నోరెండిపోవడం, మలబద్ధకం, మగవారికి మూత్రం ఆగి ఆగి రావడం, లైంగిక ఇబ్బందులు ముందుగా వచ్చి కూర్చుంటాయి. దీన్ని మానేసినవారిలో చాలామంది ఫలితం మొదలయ్యే లోపే మానేసినవారు. ఈ మందును విరిచే కాలేయ ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది, వారికి మామూలు డోసే ఎక్కువ డోసవుతుంది. విలోక్సజిన్ అనే మరో మందుకు 2022లో పెద్దల విషయంలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దిగులుకు ఇచ్చే బ్యుప్రోపియాన్‌ను కూడా కొందరు డాక్టర్లు దీనికి రాస్తారు.

మొదటి వారాలు

పెద్దవాళ్లు చెప్పే మొదటి రోజు కథలకు ఆశ్చర్యం కలిగించేంత పోలిక ఉంటుంది. హుషారు గురించి చెప్పేవారు తక్కువ. నిశ్శబ్దం గురించి చెప్పేవారే ఎక్కువ. ఒకేసారి నాలుగైదు మాటలు నడిచే బుర్రలో ఒకటే నడుస్తుంది. సింకులో గిన్నెలు కనపడతాయి, వెళ్లి కడిగేస్తారు. మధ్యలో తనతో తాను చేసుకునే బతిమాలాట ఉండదు. మిగతా మనుషులకు ఇది రోజూ ఇలాగే ఉంటుందా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. దాని వెనకే దుఃఖం వస్తుంది. బద్ధకస్తుడు, బాధ్యత లేనివాడు, తెలివి ఉండీ వాడుకోనివాడు అని ఇరవై ముప్పై ఏళ్లు విన్న మాటలన్నీ ఒక బిళ్లతో మరోలా కనిపించినప్పుడు, ఉపశమనం కంటే పోయిన ఏళ్ల మీద బెంగే కొందరిని ఎక్కువ కాలం పట్టుకుంటుంది. ఏడీహెచ్‌డీ పెద్దలతో చేసిన ముఖాముఖి అధ్యయనాల్లో ఈ రెండు భావాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈ దశలో ఒక పొరపాటు లెక్క చాలామంది వేస్తారు. ఉత్తేజక మందు వేసుకుంటే హుషారెక్కాలి కదా, నాకేమో నెమ్మది వచ్చింది, కాబట్టి నాకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే అనుకుంటారు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జూడిత్ రాపొపోర్ట్ బృందం 1978లోనే ఈ లెక్కను తప్పని తేల్చింది. ఏ సమస్యా లేని మగపిల్లలకు డెక్స్‌ట్రోఆంఫెటమైన్ ఇచ్చినా కదలిక తగ్గి, ధ్యాస పెరిగింది. స్నేహితుడి బిళ్ల ఒకటి వేసుకుని తనకు తానే నిర్ధారణ చేసుకోవడం ఎందుకు చెల్లదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మొదటి వారం మెరుపు సాధారణంగా నిలవదు. అందులో కొంత మందు తాలూకు తేలికపాటి ఉల్లాసం, శరీరం దానికి త్వరగా అలవాటుపడుతుంది. ధ్యాస మీద ప్రభావం మిగులుతుంది, పండగ లాంటి ఆ మొదటి అనుభూతి మిగలదు. దాన్ని వెతుక్కుంటూ డోసు పెంచమని అడిగేవారుంటారు. సరైన డోసు ఒంటికి పెద్దగా తెలియదనీ, పని జరిగినట్టు సాయంత్రం చూసుకుంటేనే తెలుస్తుందనీ అనుభవజ్ఞులైన డాక్టర్లు చెబుతారు. డోసు బరువును బట్టి అంచనా వేసేది కాదు. పెద్దల్లో కాన్సర్టా 18 లేదా 36 మిల్లీగ్రాములతో మొదలై 72 దాకా, లిస్‌డెక్సాంఫెటమైన్ 30తో మొదలై 70 దాకా వెళ్లవచ్చు. ఆజానుబాహువుకు అతి తక్కువ డోసు సరిపోవడం, సన్నటి మనిషికి పై డోసు కావాల్సి రావడం మామూలే.

మందు ధ్యాసను ఇస్తుంది గానీ అది ఎటు తిరగాలో చెప్పదు. పొద్దున బిళ్ల వేసుకుని ఫోన్ తీస్తే ఆ రోజు ధ్యాసంతా ఫోన్‌కే పోతుంది. ఆఫీసు నివేదిక పక్కన పెట్టి, మూడు గంటలపాటు కంప్యూటర్‌లోని పాత ఫొటోలు ఏడాదివారీగా సర్దేసినట్టు చెప్పుకునేవాళ్లు నవ్వుతూనే చెబుతారు, కానీ ఆ రోజు నివేదిక వెళ్లదు. మందు వాడుతున్నా లక్షణాలు మిగిలిన 86 మంది పెద్దల్లో సగం మందికి స్టీవెన్ సాఫ్రెన్ బృందం ప్రత్యేకమైన ప్రవర్తనా చికిత్స (సీబీటీ) ఇచ్చి, 2010లో అది అదనపు మేలు చేసిందని చూపింది. పనులు రాసుకోవడం, ముక్కలు చేసుకోవడం, వాయిదాల మాయ గుర్తుపట్టడం లాంటివి అందులో నేర్పారు. పెద్ద వయసులో మందు మొదలుపెట్టినవారికి ఈ అలవాట్లు ఎన్నడూ ఏర్పడలేదని గుర్తుంచుకోవాలి. చిన్నప్పుడు అవి నేర్చుకునే వయసులో వారికి మందు లేదు.

గంటల లెక్క

బయటివారికి అందనిది, వాడేవారికి ప్రతిరోజూ ఎదురయ్యేది గంటల లెక్క. వెంటనే పనిచేసే మిథైల్‌ఫెనిడేట్ మూడు నాలుగు గంటలు ఉంటుంది. కాన్సర్టా పన్నెండు గంటల దాకా, లిస్‌డెక్సాంఫెటమైన్ పెద్దల్లో పద్నాలుగు గంటల దాకా ఉండొచ్చు. ఇవన్నీ కాగితం మీది అంకెలు. ఒకరికి ఎనిమిది గంటల్లో దిగిపోయేది ఇంకొకరిని అర్ధరాత్రి దాకా పడుకోనివ్వదు. పొద్దున ఏడింటికి వేసుకోవాల్సిన బిళ్ల మధ్యాహ్నం పన్నెండింటికి గుర్తొస్తే, వేసుకుంటే నిద్ర పోతుంది, వేసుకోకపోతే రోజు పోతుంది. మతిమరుపుకు ఇచ్చే మందును మతిమరుపుతోనే గుర్తుపెట్టుకోవాలి. అందుకే మంచం పక్కన నీళ్లు, బిళ్ల పెట్టుకుని అలారం మోగగానే వేసుకుని మళ్లీ కళ్లు మూసుకునేవారున్నారు. వేసుకున్నామో లేదో గుర్తులేక వారం రోజుల అరల డబ్బా కొనుక్కునేవారున్నారు. ఆ డబ్బా నింపడమే ఆదివారం సాయంత్రం మర్చిపోతారు.

మందు దిగే సమయంలో కొందరికి లక్షణాలు మామూలు కంటే ఎక్కువగా తిరగబెడతాయి. గంటా రెండు గంటలు చిరాకు, నీరసం, ఏడుపు గొంతు వరకు రావడం. అది ఎక్కువగా సాయంత్రం అయిదు నుంచి ఏడు మధ్య, అంటే ఇంటికి చేరే వేళ. పనిచేసే గంటలన్నీ ఆఫీసుకు వెళ్లిపోతాయి, భార్యకు, భర్తకు, పిల్లలకు అయిపోయిన మందు మిగులుతుంది. సహోద్యోగులు మెచ్చుకున్న మార్పు ఇంట్లోవాళ్లకు కనపడకపోవడానికి, ఒక్కోసారి ఇంట్లో గొడవలు పెరగడానికి కారణం ఇదే. డాక్టరుకు ఈ సంగతి రోగి చెప్పడు, ఎందుకంటే రోగి దృష్టిలో మందు బాగానే పనిచేస్తోంది. పెళ్లైనవారిని జీవిత భాగస్వామితో కలిపి ఒకసారైనా కూర్చోబెట్టి మాట్లాడాలని డాక్టర్లకు ఇచ్చే సలహా అందుకే సబబు. మధ్యాహ్నం మూడింటికి చిన్న డోసు ఒకటి కలిపితే చాలామందికి ఆ గండం గడుస్తుంది. సెలవుల్లో మందు మానడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ఆకలి, నిద్ర తిరిగి తెచ్చుకోవడానికి శనాదివారాలు మానేవారున్నారు. ఏడీహెచ్‌డీ అంటే ఆఫీసు జబ్బు కాదు, కారు నడిపేటప్పుడూ పిల్లల్ని చూసేటప్పుడూ అది ఉంటుంది అని వాదించి మానని వారూ ఉన్నారు.

ఆకలి, నిద్ర, గుండె

ఎక్కువమంది చెప్పే ఇబ్బంది ఆకలి చచ్చిపోవడం. మధ్యాహ్నం భోజనం మాటే తోచదు, రాత్రి పదింటికి వంటింట్లో దొరికిందల్లా తింటారు. బిళ్లకు ముందే కడుపు నిండా టిఫిన్ తినాలన్నది డాక్టర్ల కంటే వాడేవారు ఒకరికొకరు ఎక్కువగా చెప్పుకునే సలహా. ఆంఫెటమైన్ మందులతోపాటే పళ్లరసం, విటమిన్ సి తీసుకుంటే మందు ఒంటికి పట్టడం తగ్గుతుందని ఆడరాల్ సమాచార పత్రంలోనే ఉంది. కాఫీ సంగతి వేరు. ఏళ్ల తరబడి నాలుగైదు కాఫీలతో తమకు తామే వైద్యం చేసుకున్నవారు అదే లెక్కన తాగుతూ మందు మొదలుపెడితే గుండెదడతో బెంబేలెత్తుతారు. నోరెండిపోవడం, దవడ బిగుసుకోవడం, చలికి వేళ్లు తెల్లబడటం కూడా ఈ మందుల వెంట వచ్చేవే.

గుండె వేగం, రక్తపోటు సగటున కొద్దిగా పెరుగుతాయి. అందుకే మొదలుపెట్టే ముందూ, డోసు మార్చినప్పుడల్లా రెండూ చూడాలి. స్వీడన్‌లో 2,78,027 మంది రికార్డులతో 2023లో వెలువడిన అధ్యయనం, మందు వాడిన ప్రతి అదనపు ఏడాదికి గుండె రక్తనాళాల జబ్బుల ముప్పు సగటున 4 శాతం చొప్పున పెరిగినట్టు చూపింది. ఎక్కువగా కనిపించింది రక్తపోటు, ధమనుల జబ్బులు. అది ఒక మనిషి ముప్పులో పెద్ద అంకె కాదు. కానీ పిల్లవాడి మందు గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న, యాభై ఏళ్ల మనిషి తప్పక అడగాల్సింది. మనసు వైపు ముప్పు అరుదు, కానీ తీవ్రం. 13–25 ఏళ్లవారిలో మందు మొదలుపెట్టిన సుమారు 660 మందిలో ఒకరికి భ్రమలు, భ్రాంతులతో కూడిన సైకోసిస్ వచ్చిందనీ, మిథైల్‌ఫెనిడేట్ కంటే ఆంఫెటమైన్‌తో అది ఎక్కువనీ లారెన్ మోరన్ బృందం 2019లో లెక్కగట్టింది. బైపోలార్ జబ్బు ముందే గుర్తించకుండా ఈ మందులు ఇస్తే ఉన్మాదం పైకి వచ్చే ప్రమాదముంది.

వీటన్నిటికంటే చెప్పడానికి కష్టమైన ఇబ్బంది ఒకటుంది. జోకులు తగ్గిపోతాయి. పాట విన్నా మునుపటిలా కదలదు. మాటల మధ్య పక్కదారులు పట్టే ఆ మనిషే పోయాడని స్నేహితులు అంటారు. డోసు ఎక్కువైనప్పుడు ఇలా జరగడం మామూలు, తగ్గిస్తే చాలామందికి తిరిగొస్తుంది. కొందరికి రాదు, మందు మార్చాలి. ఇక్కడ అనుభవం రెండుగా చీలుతుంది. మందుతోనే నేను నేనయ్యానని కొందరు, మందు వేసుకున్నంతసేపూ నా చోట ఇంకొకరు కూర్చుని పనిచేస్తున్నారని కొందరు. రెండో వర్గంవారు కూడా ఆ ఇంకొకరితోనే ఆదాయపు పన్ను కాగితాలు నింపించుకుంటారు.

మహిళల అనుభవం

కుదురు లేకుండా తిరిగే మగపిల్లవాడి బొమ్మ చుట్టూ ఈ నిర్ధారణ తయారవడం వల్ల, కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లలు చాలాకాలం ఎవరి కంటా పడలేదు. కొడుక్కో కూతురికో నిర్ధారణ జరిగేటప్పుడు డాక్టరు అడిగే ప్రశ్నలన్నిటికీ తన జవాబూ అదేనని గ్రహించి, ఆ తర్వాత తానూ పరీక్షకు వచ్చే తల్లులు ఇప్పటికీ ఎక్కువే. అంతకుముందు ఏళ్లపాటు వారికి దిగులుకో ఆందోళనకో మందులు రాసి ఉంటారు.

నెలసరికి ముందు వారం మందు పనిచేయనట్టే ఉంటుందని చాలామంది చెబుతారు. ఈస్ట్రోజెన్‌కూ డోపమైన్‌కూ సంబంధం ఉందన్నది ఇందుకు ఇచ్చే వివరణ. ఆ వారం మాత్రమే డోసు కాస్త పెంచి చూసిన చిన్న పరిశీలనలు ఆశాజనకంగా ఉన్నా, పెద్ద పరీక్షలు జరగలేదు. ముట్లుడిగే వయసులో లక్షణాలు పెరిగి మొదటిసారి వైద్యానికి వచ్చేవారిదీ ఇదే పరిస్థితి. వాడేవారి మాటే ముందు నడుస్తోంది, శాస్త్రం దాని వెనక వస్తోంది.

కొలతలు, నమ్మకాలు

2018లో సామ్యుయెలె కోర్తెసె బృందం 133 పరీక్షలను కలిపి చేసిన విశ్లేషణ, స్వల్పకాలంలో పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్‌నూ, పెద్దలకు ఆంఫెటమైన్ మందులనూ మొదటి ఎంపికగా సూచించింది. అదే ఏడాది బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ పెద్దలకు లిస్‌డెక్సాంఫెటమైన్ గానీ మిథైల్‌ఫెనిడేట్ గానీ మొదట ఇవ్వాలని చెప్పింది. పరీక్షల్లో ఎక్కువభాగం వారాల్లో ముగిసేవి, మందు మాత్రం ఏళ్లపాటు వాడేది. ఆ ఖాళీని కొంతవరకు పూరించినవి స్వీడన్ జాతీయ రికార్డులు. 25,656 మంది ఏడీహెచ్‌డీ రోగుల వివరాలతో పాల్ లిక్టెన్‌స్టైన్ బృందం 2012లో చూపిందేమిటంటే, అదే మనిషి మందు వాడిన కాలంలో, వాడని కాలంతో పోలిస్తే నేరాల రేటు పురుషుల్లో 32 శాతం, మహిళల్లో 41 శాతం తక్కువ. అమెరికా బీమా రికార్డుల మీద 2017లో వచ్చిన మరో అధ్యయనంలో వాహన ప్రమాదాల విషయంలోనూ ఇలాంటి తగ్గుదలే కనిపించింది. ఒక మనిషిని అతనితోనే పోల్చడం ఈ అధ్యయనాల బలం. ఇక్కడ సాక్ష్యం చెప్పేది రోగి కాదు, కోర్టులూ ఆసుపత్రులూ. పెద్దల మందుల గురించి ఉన్న ఆధారాల్లో ఎక్కువ నమ్మదగ్గవి ఇవేనని చెప్పవచ్చు.

మరోవైపు, పెద్దల్లో దీర్ఘకాలం పనిచేసే మిథైల్‌ఫెనిడేట్ మీద 2022లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఉన్న ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో మిథైల్‌ఫెనిడేట్‌ను చేర్చడానికి 2019లో, 2021లో ఒప్పుకోలేదు. పరీక్షల్లో పాల్గొన్నవారు తమకు దొరికింది అసలు మందో ఉత్తుత్తి బిళ్లో ఆకలిని బట్టే పసిగట్టేస్తారన్నది విమర్శకుల పాత అభ్యంతరం, దానికి సరైన జవాబు ఇంకా దొరకలేదు.

సమస్య లేనివారు చదువు కోసం, పని కోసం వేసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నకు మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో పదునైన సమాధానం ఇచ్చారు. 40 మంది ఆరోగ్యవంతులకు, పరిమితమైన సంచిలో ఎక్కువ విలువైన వస్తువులు ఎలా నింపాలనే చిక్కు లెక్క ఇచ్చారు. మిథైల్‌ఫెనిడేట్, డెక్సాంఫెటమైన్, మొడాఫినిల్ వేసుకున్నవారు ఎక్కువ సేపు, ఎక్కువ ఎత్తులు వేశారు, కానీ ఆ ఎత్తుల నాణ్యత తగ్గింది. మామూలుగా బాగా చేసేవారు సగటు కంటే కిందికి జారారు. కష్టపడుతున్న భావన పెరగడం ఒకటి, పని బాగుపడటం ఒకటి. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ఈ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టకూడదు. అయినా తన మందు గురించి తానే తీర్పు చెప్పుకునే ప్రతి పెద్దమనిషికీ ఇది చూసుకోదగ్గ అద్దం.

మానేయడం

మొదలుపెట్టినవారిలో చాలామంది ఏడాది తిరక్కుండానే మానేస్తారు. అనేక దేశాల రికార్డుల్లో ఇది యువ వయసులో, 18–24 ఏళ్ల మధ్య అత్యధికం. పిల్లల డాక్టరు వదిలేసి పెద్దల డాక్టరు దొరకని వయసు అది. ఇంట్లో బిళ్ల చేతికిచ్చే అమ్మ లేని వయసు కూడా. దుష్ఫలితాలు, ఖర్చు, పనిచేయడం లేదన్న అనుమానం, ఇక అవసరం లేదన్న నమ్మకం మిగతా కారణాలు. మామూలు డోసులో ఉత్తేజక మందు ఆపితే పెద్ద గండం ఉండదు, ఒకటి రెండు రోజులు నీరసం, ఎక్కువ నిద్ర, తర్వాత పాత లక్షణాలు. ఏడాదికోసారైనా సమీక్షించి, అవసరమైతే కొంతకాలం ఆపి లేదా తగ్గించి చూడాలని నైస్ సూచిస్తుంది. డాక్టరుకు చెప్పకుండా ఆ ప్రయోగం చేసుకున్నవారే ఎక్కువ. మానేశాక జీవితం సాఫీగా నడిచినవారూ, మూడు నెలలకు కరెంటు బిల్లులు కట్టక ఇల్లు చీకటైతే తిరిగి వచ్చినవారూ ఉన్నారు.

కొరత, చట్టం, తెలుగువారు

ఈ మందులు పెద్దలకు మరో అనుభవాన్ని కూడా ఇస్తాయి: మందుల షాపు ముందు అనుమానితుడిలా నిలబడటం. అమెరికాలో ఉత్తేజక మందులు షెడ్యూల్ 2 మాదకద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. పాత చీటీతో మళ్లీ ఇవ్వరు, ప్రతిసారీ కొత్త చీటీ కావాలి. 2022 అక్టోబరులో ఆడరాల్ కొరత ఉందని ఎఫ్‌డీఏ ప్రకటించింది. కోవిడ్ కాలంలో వీడియో వైద్యం ద్వారా చీటీలు పెరగడం, తయారీ ఆటంకాలు, ప్రభుత్వం విధించే ఉత్పత్తి కోటాలు అన్నీ కలిసి దాన్ని ఇతర మందులకూ పాకించాయి. సీడీసీ 2023 సర్వేలో ఉత్తేజక మందు వాడే పెద్దల్లో 71.5 శాతం మంది మందు దొరక్క ఇబ్బంది పడ్డామన్నారు. బ్రిటన్‌లో 2023 సెప్టెంబరులో జాతీయ స్థాయి హెచ్చరిక వచ్చింది. ఊళ్లోని షాపులన్నిటికీ ఫోన్లు చేసి, ఉందన్న చోటికి చీటీ మార్పించుకుని, సాయంత్రంలోగా వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఓపిక, వరస, సమయపాలన కావాల్సిన ఈ పని అవి లేవని నిర్ధారణ అయినవారి మీదే పడింది.

దేశాలు దాటితే చట్టం ఇంకా చిక్కు. జపాన్ ఆడరాల్‌ను చీటీ ఉన్నా దేశంలోకి రానివ్వదు. భారతదేశంలో ఆంఫెటమైన్, మిథైల్‌ఫెనిడేట్ రెండూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నియంత్రణలో ఉన్నాయి. ఇక్కడి డాక్టర్లు రాసేవి ముఖ్యంగా మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సెటిన్. ఆడరాల్ ఇక్కడ అమ్మకంలో లేదు. చదువుకోసమో ఐటీ ఉద్యోగంతోనో అమెరికా వెళ్లి, అక్కడ మొదటిసారి నిర్ధారణ జరిగి, ఆడరాల్‌కు కుదురుకున్న తెలుగువారు ఇంటికి తిరిగొస్తే మందు మార్చుకోక తప్పదు. అటోమాక్సెటిన్‌కు మారితే వారాలపాటు ఏ మందూ లేనట్టే గడుస్తుంది. సెలవులకు వచ్చేవారు అసలు సీసా, చీటీ, డాక్టరు ఉత్తరం దగ్గర పెట్టుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ సమస్య ఆలస్యంగా బయటపడటానికి మన చదువుల తీరు కూడా ఒక కారణం కావచ్చు. ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంట కొట్టి కూర్చోబెడతారు. ధ్యాస లేనివాడికి కూడా ఆ గంటే ధ్యాస. బుర్ర ఉంది గానీ కూర్చోడు అనిపించుకున్న పిల్లవాడు అలా గట్టెక్కి, గంట కొట్టేవాళ్లెవరూ లేని మొదటి ఉద్యోగంలో కూలబడతాడు. ఇంట్లో చెప్పుకోవడం ఇంకో కష్టం. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరే వెక్కిరింపుగా మారిన సమాజంలో సైకియాట్రిస్టు రాసిన బిళ్ల రోజూ వేసుకోవాలంటే డబ్బాను విటమిన్ల డబ్బాల మధ్య దాచేవారుంటారు. మిథైల్‌ఫెనిడేట్ మందుల నిబంధనల్లోని షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. చీటీ రెండు ప్రతులుగా రాయాలి, ఒక ప్రతిని షాపువాళ్లు రెండేళ్లు భద్రపరచాలి. ఈ జాబితా మందులు అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి, అది అన్ని షాపులకూ ఉండదు. జిల్లాల్లో ఉండేవారు ముందుగా ఫోన్ చేసి, మందు ఉందని ఖాయం చేసుకుని, రెండు చీటీలూ పట్టుకుని పెద్ద ఊరికి బయల్దేరతారు.